కొల్లేటికోటలో మా మౌనికను చూసి వచ్చిన రోజు

గురువారం సాయంత్రం కొల్లేటికోట నుంచి నాగరత్నం గారు ఫోన్ చేశారు. "ఆదివారం ఓసారి రండమ్మా, మౌనిక సంగతి మాట్లాడాలి" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. మౌనిక నేను కన్న పిల్ల కాదు. కన్నతల్లి పోయాక, దానికి మూడేళ్ళున్నప్పుడు, వాళ్ళ నాన్నను నేను పెళ్ళి చేసుకున్నాను. తొమ్మిదేళ్ళు పెంచాను. కిందటేడు మాకు విడాకులయ్యాయి. నేను కన్నతల్లిని కాను, దత్తత కాగితాలూ లేవు, అందుకని పిల్ల మీద ఏ హక్కూ లేదని లాయరు చెప్పారు. వాళ్ళ నాన్న మౌనికను తీసుకెళ్ళి దాని అమ్మమ్మ నాగరత్నం గారింట్లో దించేశారు. ఏడాదిగా ఫోన్‌లో గొంతు వినడమే. ఆవిడకా వయసు మీదపడింది. పిల్లను నాకే అప్పగిస్తారేమో అనుకున్నాను. శనివారం స్కూల్లో పాఠాలు ముగించుకుని పెంటపాడు నుంచి ఇంటికి రాగానే, దాని మంచం మీద పేరుకున్న సామానంతా తీసేసి ఉతికిన దుప్పటి వేశాను.

ఇదివరకు ఎప్పుడెళ్ళినా కారులో వెళ్ళేవాళ్ళం. ఒంటరిగా, బస్సుల్లో వెళ్ళడం ఇదే మొదటిసారి. తాడేపల్లిగూడెంలో ఉదయం ఏడు దాటాక పాసింజరు ఎక్కితే గంటలో ఏలూరులో దిగాను. స్టేషను నుంచి బస్టాండుకు ఆటో. అక్కడ బండి మీద ఇడ్లీ తిని, తొమ్మిదింటికి కైకలూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. ఊరు దాటిన కాసేపటికి కొల్లేరు మొదలవుతుంది. ఆ రోజు మబ్బు పట్టి, సన్నగా జల్లు పడుతోంది. రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు, కర్రలకు వేలాడదీసిన మేత సంచులు, గట్ల మీద తడిసి ముడుచుకున్న కొంగలు. ఎంతసేపు పోయినా అదే బూడిదరంగు నీళ్ళు. కైకలూరు చేరేసరికి పదిన్నర.

కొల్లేటికోటకు షేరు ఆటోలుంటాయి కానీ నిండేదాకా కదలవు. ఆగలేక ఒక్కదాన్నే మాట్లాడుకున్నాను. రెండొందల యాభై అడిగాడు, సరేనన్నాను. డ్రైవరు నలభై దాటిన మనిషి, మాటకారి.

"అమ్మవారి దర్శనానికాండీ?"

"కాదండీ, మా అమ్మాయి ఉందక్కడ."

"ఆ ఊరిచ్చారాండీ?"

"లేదండీ, ఏడో తరగతి చదువుతోంది. అమ్మమ్మ గారింట్లో ఉంది."

"అంటే మీ అమ్మగారి ఊరన్నమాట!"

అవునన్నాను. అబద్ధమే. కానీ నిజం చెప్పాలంటే ఊరు వచ్చేదాకా చెప్పాలి.

మౌనిక గుమ్మంలోనే నిలబడి ఉంది. నా భుజం దాకా వచ్చేసింది. ఒకప్పుడు నేను కనబడగానే పరిగెత్తుకొచ్చి మీద పడేది. ఇప్పుడు నా చేతిలో సంచి అందుకుని, "తడిసిపోయావమ్మా" అంది. నాగరత్నం గారు చేపల పులుసు వండారు. పిల్లకు ముల్లు తీసి పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది తన ముళ్ళు తనే తీసుకుని తింటోంది.

భోజనాలయ్యాక ఆవిడ నన్ను వెనక వసారాలోకి పిలిచారు. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అంటాను. మొదటి భార్య తల్లిని రెండో భార్య ఏమని పిలవాలో మాకెవరికీ తెలియక, మొదట్లోనే అలా కుదుర్చుకున్నాం.

"అల్లుడు గారు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారమ్మా. వచ్చే ఆదివారం వచ్చి పిల్లను రాజమండ్రి తీసుకెళ్ళిపోతారంట."

ఆశలన్నీ అక్కడితో ఆగిపోయాయి.

"మంచిదే కదా పిన్నిగారూ" అన్నాను.

"ఫోన్‌లో ఆ కొత్తావిణ్ణి అమ్మా అనమంటే అనడం లేదమ్మా. నాకు అమ్మ ఉంది, తాడేపల్లిగూడెంలో ఉంది అంటంది. అక్కడికెళ్ళి ఇలాగే మొండికేత్తే ఆవిడ మాత్రం ఎన్నాళ్ళు దగ్గరికి తీత్తాదండీ? నేనా, ఇయాళో రేపో. మీరు చెబితే వింటది. అందుకే పిలిచానమ్మా." చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "మిమ్మల్ని ఈ మాట అడగకూడదు, నాకు తెలుసు" అన్నారు.

మౌనిక, నేను చెరువుగట్టు మీదికి వెళ్ళాం. సంగతి నేను ఎత్తకముందే అది అడిగింది.

"అమ్మమ్మ చెప్పమంది కదా?"

"అవును."

"నువ్వు చెప్తావా?"

"చెప్తున్నానమ్మా. ఆవిణ్ణి అమ్మా అని పిలువు. నువ్వు నా దగ్గరికొచ్చినప్పుడు నాకూ భయమే. నువ్వు అమ్మా అన్నాకే పోయింది."

"మరి నిన్నేమనాలి? ఆంటీ అనాలా?"

గాలికి రేగిన దాని జుట్టు సర్దాను. "నాన్న నీ నెంబరు తీసేయమన్నారు" అని కూడా చెప్పింది. నోటికొచ్చా అని అడిగితే, నీళ్ళ వైపు చూస్తూ పది అంకెలూ తప్పు లేకుండా చెప్పింది.

మూడింటికి బయలుదేరాను. ఇంటి దగ్గర ఏడవకుండా వెళ్ళొస్తానని చెప్పగలిగాను. మౌనిక రోడ్డు దాకా వచ్చింది. తీరా ఆటో లేదు. ముప్పావుగంట ఒకే గొడుగు కింద నిలబడ్డాం. చెప్పుకోవలసిన మాటలన్నీ అప్పటికే అయిపోయాయి. ఆటో వచ్చాక నా సంచి లోపల పెట్టి, "జాగ్రత్తగా వెళ్ళు" అంది. ఏమనీ పిలవలేదు.

తరువాతి ఆదివారం సాయంత్రం నాగరత్నం గారి ఫోన్. "ఇప్పుడే వెళ్ళారమ్మా. కారెక్కేటప్పుడు ఆవిణ్ణి అమ్మా అని పిలిచింది. ఆవిడ కూడా నవ్వి తల నిమిరింది." మంచి పని జరిగిందండీ అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో కింద కూర్చుండిపోయాను.

మా స్కూల్లో ఇప్పుడు ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలున్నారు. ఒకరికి తల్లి ఒక్కతే, ఒకరికి ఇద్దరు నాన్నలు, ఒకరు మేనత్త దగ్గర. అడ్మిషను ఫారాల్లో మాత్రం అమ్మ, నాన్న, సంరక్షకుడు, అంతే. కుటుంబాలు కొత్తగా కలవడం, విడిపోవడం మనం నేర్చుకున్నాం. విడిపోయాక మిగిలిన చుట్టరికాన్ని ఏం చేయాలో ఇంకా నేర్చుకోలేదు. నేను చెప్పింది సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ నమ్మకంతో ఇల్లు మాత్రం నిండడం లేదు.

కొల్లేటికోట వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తిరుగు ఆటోను కైకలూరులోనే మాట్లాడుకుని, వెయిటింగు డబ్బులిచ్చైనా ఆపుకోండి. వెళ్ళొస్తానని చెప్పాక అక్కడ నిలబడి ఉండడం చాలా కష్టం.