లాగోస్‌ను తిట్టే హక్కు

పెద్దకూతురి పేరు కలిపి అందరూ ఇయా సిదికా, అంటే సిదికా వాళ్లమ్మ, అని పిలిచే ఆమె, యాబా బస్టాపు దగ్గర బొగ్గుల మీద అరటికాయలు కాలుస్తుంది. లాగోస్‌ను తిట్టందే విసనకర్ర విసరదు. పోయిన కరెంటుకో విసురు, కదలని ట్రాఫిక్‌కో విసురు, పొంగిన మురుక్కాలవకైతే బొగ్గులు ఎగిరిపడేంత విసురు. నల్లబడ్డ వేళ్లతో కాయ తిరగేస్తూ ఊరిని ఉతికి ఆరేస్తుంటే, కొనేవాళ్లు పగలబడి నవ్వుతారు. మొన్న వాన వెలిసిన సాయంత్రం, రాజధాని అబుజా నుంచి వచ్చిన ఓ సూటు ఆసామి కాయ కొరుకుతూ, "ఛీ, ఇదీ ఒక ఊరేనా?" అన్నాడు. విసనకర్ర ఆగిపోయింది. ఆమె అతని చేతిలో కాయ లాగేసుకుంది.

"పొద్దున దిగి సాయంత్రానికే వంకలు పెడతావేమయ్యా? మీ అబుజాలో చీకటి పడితే కుక్క కూడా మొరగదంట! ఇక్కడ అర్ధరాత్రి ఆకలేసినా వేడి కాయ దొరుకుద్ది, తెలుసా?"

"అట్టా గడ్డి పెట్టమ్మా!" అని బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ఈలలేశారు. అంతలో ఓ పసుపు బస్సు గుంతలోకి దూకి, అతన్ని నెత్తి నుంచి బూట్ల దాకా బురదతో ముంచేసింది. "దిక్కుమాలిన లాగోస్!" అని అతను గొంతు చించుకున్నాడు.

ఇయా సిదికా మొహం వెలిగిపోయింది. లాక్కున్న కాయ తిరిగి అతని చేతిలో పెట్టి, పైన గుప్పెడు పల్లీలు పోసింది.

"ఇప్పుడు తిట్టు నాయనా, కడుపారా తిట్టు. ఇప్పుడు నువ్వు మనోడివి."