గుచ్చుకున్నది వైరు పుల్ల కాదు

2021 చలికాలం. డుంబ్రిగుడలో రోడ్డు పక్కనే నా మెకానిక్ షెడ్డు. అప్పటికి లారీ ఇంజిన్ల పనిలో నాకు ఇరవై ఏళ్లు నిండాయి. నాకు తెలియని ఇంజిన్ లేదన్న పొగరు కూడా ఉండేది.

సంత రోజు పొద్దున్నే బుద్రన్న తన పాత ఆరు సిలిండర్ల లారీ తెచ్చాడు. కొండ మీది ఊళ్ల నుంచి అల్లం, పిప్పళ్లు సంతకి దింపే లారీ అది. ఆయనే ఓనరు, ఆయనే డ్రైవరు. ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం లేదు, క్యాబిన్ అంతా ఆయిల్ వాసన. మా లారీ వాళ్లకి ఆయిల్ అంటే డీజిలే. చూస్తే హై ప్రెషర్ పైపులు అరిగిపోయి ఉన్నాయి. పంపు నుంచి ఒక్కో సిలిండరు నాజిల్‌కి డీజిల్ తోసే సన్నటి ఇనప పైపులవి. లోపల ఒత్తిడి ఎంతంటే, వెంట్రుకంత సందు దొరికినా డీజిల్ సూదిలా దూసుకొస్తుంది, కంటికి ఆనదు.

ఆరూ మార్చాను. వైర్ బ్రష్‌తో చివర్లు రుద్ది, నట్లు బిగించి, డీజిల్ లైన్లో చేరిన గాలి తీసి స్టార్ట్ చేశాం. వాసన మాత్రం పోలేదు. నేను సీట్లో కూర్చుని యాక్సిలేటర్ తొక్కి పట్టుకున్నాను. బుద్రన్న బోనెట్ ఎత్తి లోపలికి వంగాడు.

"బేగి కానీ మేస్త్రీ, సంత అయిపోద్ది," అన్నాడు.

"ఏ పైపు కాడ తడుందో సెయ్యెట్టి సూడు," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. విజయనగరంలో నాకు పని నేర్పిన మేస్త్రి, లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడమనేవాడు. చెయ్యి పెడితే డీజిల్ చర్మంలోకి దూరి లోపల కండ కుళ్లిపోద్దని చెప్పేవాడు. ముసలాయన ఊరికే భయపెడుతున్నాడని మేం నవ్వుకునేవాళ్లం.

"ఏటో గుచ్చీసింది," అని బుద్రన్న చెయ్యి లాక్కున్నాడు. కుడి చూపుడు వేలి మీద ఒక చుక్క, అంతే. నొక్కితే రక్తం రాలేదు, డీజిల్ తడి వచ్చింది. అది నేను చూశాను. మా మేస్త్రి చెప్పింది గుర్తొచ్చింది.

నట్టు ఇంకో చుట్టు బిగిస్తే లీకు ఆగింది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. "ఏం గుచ్చుకుంది?" అని నర్సమ్మ అడిగింది.

"వైర్ బ్రష్ పుల్లమ్మా," అన్నాడు బుద్రన్న. నిజంగా అలాగే అనుకున్నాడు పాపం.

నేను పక్కనే నిలబడి కిమ్మనకుండా ఉండిపోయాను. చెయ్యి పెట్టమన్నది నేనేనని బయటపడితే నా పరువేం కావాలి? చిన్న చుక్కే కదా, మానిపోతుందిలే అనుకున్నాను. ఆమె టీటీ ఇంజెక్షన్ చేసి, మాత్రలిచ్చి పంపేసింది. ఆయన లారీ ఎక్కి సంతకి వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆయన భార్య జీపులో నా షెడ్డు దగ్గరికి తీసుకొచ్చింది. చెయ్యి మోచేతి దాకా వాచి, వేలు నల్లబడిపోయింది. నేనూ జీపెక్కాను. విశాఖపట్నం పెద్దాస్పత్రికి దింపుతుంటే ఘాట్‌లో మలుపు మలుపుకీ మూలిగాడు. ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక డాక్టరుకి జరిగింది చెప్పాను. "ఈ మాట ఆ రోజే చెప్పుంటే అప్పుడే ఇక్కడికి పంపేవారు కదయ్యా," అన్నాడాయన. రెండు వేళ్లు, అరచేతిలో సగం తీసేశారు.

బుద్రన్న లారీ అమ్మేశాడు. అడిగినవాళ్లందరికీ వైరు పుల్ల గుచ్చుకుందనే చెప్పేవాడు.

ఇప్పుడు నా షెడ్డులో అట్టముక్క తాడుకి వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్ ఆగకుండా పైపు మీద ఎవరు చెయ్యి వేసినా తిడతాను. అయితే ఆ పాఠం నాకు ముందే తెలుసు. కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే: తప్పు జరిగిన వెంటనే, అడిగినవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పడం కూడా మెకానిక్ పనే. నాకది మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది.

బుద్రన్నకి చెప్పడానికి ఇంకా చాలాకాలం పట్టింది. నిరుడు కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఆయన తోటకెళ్లి మొత్తం చెప్పేశాను. ఎడమ చేత్తో పళ్లు కోస్తూనే విన్నాడు.

"నర్సమ్మ అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు గదా?" అన్నాడు.

"ఉన్నాను."

బుట్ట భుజానికి తగిలించుకుని పై వరసలోకి వెళ్లిపోయాడు.