జాన్‌బాబు దాచుకున్న గొప్ప

ఉయ్యూరు పక్కన ఆ పేటలో క్రిస్మస్ నాటకం అంటే జాన్‌బాబు కట్టే సేనాపతి వేషమే. పగలంతా చెరకు ట్రాక్టరు తోలే మనిషి, చేతికి అట్టకత్తి ఇస్తే చాలు, ఆ ఏడాది తను చేసిన ఘనకార్యాల గురించి స్టేజి మీద కోతలు కోసేస్తాడు. అతను గొప్ప చెప్పినప్పుడల్లా కీబోర్డు దగ్గర ఆరోన్ ‘ఢాం’ అనిపించాలి. జనం పడీపడీ నవ్వాలి. ఏటా అదే వరస.

ఈసారి నాటకం రాసిన సండేస్కూల్ టీచరు హెలెన్ ఒక మెలిక పెట్టింది. తన సాహసాలు ఎవరికీ చెప్పనని సేనాపతి రాజుకు ఒట్టు వేశాడట. గొప్ప మొదలుపెట్టాలి, సగంలో ఆపేయాలి.

“నోరు మూసుకోవటం నీకు కొత్త గదా బాబాయ్, నేర్చుకో,” అంది.

జాన్‌బాబు నవ్వలేదు. సెప్టెంబరు నుంచి అతను చేస్తున్నది అదే.

ఆ నెలలో, కాలువ నిండుగా పారుతున్న ఒక ఉదయం ఆరోన్ నీళ్లలో కనిపించాడు. కాలు జారలేదు, కావాలనే దిగాడు. జాన్‌బాబు దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. గట్టు మీద నీళ్లు కక్కుకుంటూనే ఆరోన్ అతని చెయ్యి తన నెత్తిన పెట్టుకున్నాడు.

“అన్నా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. మా అమ్మ తట్టుకోలేదు.”

వేశాడు. అప్పట్నుంచి బెజవాడలో డాక్టరు దగ్గరికీ అతన్ని తనే తీసుకెళ్తున్నాడు, లోడు పని ఉందని ఇంట్లో చెప్పి.

ఆ రోజు చిరిగిన చొక్కాతో, తడిసి ఇంటికొచ్చిన మనిషిని చూసి, తాగి కాలువలో పడ్డాడని పేటంతా తేల్చేసింది. ఒకప్పుడు తాగినవాడే కాబట్టి భార్య హన్నా కూడా నమ్మింది. పాస్టరుగారు అతన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టారు, చర్చిలో అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం అతనికి ఇవ్వడం లేదు. నాటకానికి మాత్రం రమ్మన్నారు. అతను లేకపోతే కుర్చీలు నిండవు.

“పులిని ఒంటిచేత్తో చంపాను! ఎక్కడో చెప్పను, ఒట్టు!” అన్నాడు నాటకం రోజు స్టేజి మీద జాన్‌బాబు. ఢాం. నవ్వులు.

“పులి సంగతి సరేరా,” కుర్చీల్లోంచి ఎరువుల కొట్టు శౌరయ్య అరిచాడు. “కాలవలో ఏం ఎతికావో చెప్పు! క్వార్టరు సీసానా?”

జనం గొల్లుమన్నారు. ఆరోన్ కీబోర్డు మీది చేతులు తీసేసి లేవబోయాడు. ముందు వరసలో అతని తల్లి అమలమ్మ అందరితోపాటు నవ్వుతోంది. ఆమె పక్కనున్న హన్నా నవ్వడం లేదు. మొగుడి నోటివంకే చూస్తోంది. కాదని ఒక్కమాట అంటే చాలన్నట్టు చూస్తోంది.

జాన్‌బాబు కత్తి ఆరోన్ వైపు తిప్పాడు. “వాయించేవాడు లేవకూడదు! రాజాజ్ఞ!”

తర్వాత జనం వైపు తిరిగాడు. “తాగి పడ్డాను! పీకల్దాకా తాగి పడ్డాను! దీనికి ఒట్టు లేదు, చెప్పొచ్చు!”

ఢాం రాలేదు.

“కొట్టు తమ్ముడూ,” అన్నాడు. అది సేనాపతి గొంతు కాదు.

ఢాం ఆలస్యంగా వచ్చింది. వెనక వరసల్లో ఈలలు మోగాయి. హన్నా లేచి, పమిట భుజం నిండా కప్పుకుని, చర్చి గేటు వైపు నడిచింది.

జాన్‌బాబుకు ఇంకా రెండు డైలాగులు మిగిలాయి. ఆమె గేటు దాటేదాకా చూసి, అవి కూడా చెప్పాడు.