గీత దాకా షర్బత్

మా వారపత్రిక అచ్చయ్యే ప్రెస్సులో బైండింగ్ మేస్త్రీకి ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఎవరైనా, ఏ పనిలో ఉన్నా, ఎక్కం అడుగుతాడు.

నమస్కారం పెడితే ఆయన నుంచి నమస్కారం తిరిగి రాదు. "పదమూడేడులు ఎంత?" అని వస్తుంది. దగ్గితే "పద్నాలుగార్లు ఎంత?" అంటాడు. ఒకసారి నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్‌ని కింద నిలబడి "పంతొమ్మిది నాలుగులు?" అని అడిగితే అతను రెండు తీగలు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. అతని చేతిలోంచి తీగలు లాక్కునేసరికి మాకు చెమటలు పట్టాయి. పాలసీ అమ్మడానికొచ్చిన బీమా ఏజెంటు పదిహేడో ఎక్కం దగ్గర ఓడిపోయి మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు. అది మాత్రం మేస్త్రీ చేసిన ప్రజాసేవ.

జవాబు తప్పితే శిక్ష ఉంటుంది. జిగురు డబ్బాల పక్కన ఆయనకో తాళం వేసిన అల్మారా. అందులో నారింజరంగు షర్బత్ సీసా, ఎర్రసిరాతో గీత గీసిన గాజు గ్లాసు. గీత దాకా పోసి చేతికిస్తాడు. గీత దాటకూడదు, గీతకి తగ్గకూడదు. తాగి స్టూలు మీద సరిగ్గా పావుగంట కూర్చోవాలి. గోడ గడియారం చూసి మళ్ళీ ఎక్కం అడుగుతాడు. ఒప్పయితే రెండు బిస్కెట్లు, తప్పయితే ఇంకో గ్లాసు.

ఒకసారి కుట్టు విభాగంలోని అక్క జాలిపడి, "షర్బత్ ఎందుకు మేస్త్రీ గారూ, నా దగ్గర చాక్లెట్ ఉంది, అది తినమనండి" అంది.

"అది నెమ్మది సరుకు. లోపలికెళ్ళి పని మొదలెట్టేసరికి తెల్లారుతుంది. పక్కన పెట్టు."

"శిక్షకి కూడా తొందరేమిటండీ?"

"పదిహేనెనిమిదులు ఎంత?"

అక్క గ్లాసు అందుకుంది.

ప్రూఫులు చూడటానికి వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్ళే నాకు లెక్కలు చిన్నప్పటి నుంచీ పడవు. ఆ సంగతి మేస్త్రీ మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఏడాది తిరిగేసరికి నా ప్యాంట్లకి హుక్కు, కాజా ఒకదానికొకటి ముఖం చూపించుకోవడం మానేశాయి. మా ఆవిడ నన్ను అనుమానంగా చూసి, "ప్రెస్సుకి వెళ్తున్నారా, విందుకి వెళ్తున్నారా?" అంది. ఎక్కం రాక లావయ్యానంటే నమ్మలేదు.

ఇంతకీ పెద్ద వింత ఏమిటంటే, మేస్త్రీకి ఎక్కాలు రావు. మనం జవాబు చెప్పగానే కళ్ళద్దాల పెట్టె తెరిచి, మూతకి అంటించిన చీటీ చూసుకుని, అప్పుడు "ఒప్పు" అనో "తప్పు" అనో తీర్పిస్తాడు. చీటీలో లేని లెక్క అడగడు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పిన మనిషి లోకం మీద పగ తీర్చుకుంటున్నాడని మేమంతా ఏకగ్రీవంగా తేల్చేశాం.

ప్రెస్సు మొత్తంలో ఈ పగకి చిక్కనివాడు ఒక్కడే. అతను కటింగ్ మిషన్ అన్న. ఐదువందల కాగితాల దొంతరని ఒక్క వేటుకి రెండు చేసే బ్లేడు అతనిది. కాగితం కోయడమంటేనే లెక్క. పెద్ద షీటులో ఎన్ని ముక్కలు, అంచుకి ఎంత పోతుంది, మిగిలిందానిలో ఏమొస్తుంది అన్నీ తలలోనే తేల్చాలి. మేస్త్రీ అడగడం పూర్తికాక ముందే, కొలబద్ద మీంచి చూపు తీయకుండా జవాబు చెప్పేసేవాడు. అయినా మేస్త్రీ అతన్ని వదిలేవాడు కాదు. మాకు అప్పుడప్పుడే గానీ, అతనికి రోజుకి మూడుసార్లు: పొద్దున మిషన్ ఎక్కే ముందు, పదకొండున్నరకి, సాయంత్రం నాలుగింటికి.

అన్న ఏ రెండు మూడు నెలలకో ఒకసారి తప్పు చెప్పేవాడు. ఆ రోజు మేస్త్రీ ముందు మిషన్ స్విచ్చి ఆపేసి, తరవాత షర్బత్ పోసేవాడు. మాకు శిక్ష ఒకటైతే అతనికి రెండు. "ఎప్పుడూ ఫస్టొచ్చేవాడు తప్పితే మేస్త్రీ ఆనందం పట్టలేకపోతున్నాడు చూడు" అని నవ్వుకునేవాళ్ళం. మేం తెలివైనవాళ్ళం.

ఓనరు గారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. అన్నకి ముందు ఆ మిషన్ నడిపిన పెద్దాయనకి కళ్ళద్దాలు కాస్త మందమయ్యాయని, మర్నాడే గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెట్టేశాడు. "మిషన్‌కి జబ్బు మనిషి పనికిరాడు" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ పెద్దాయన ఇప్పటికీ గేటు దగ్గరే ఉన్నాడు. వచ్చేపోయే కాగితం లారీలని చూసి, ఎన్ని రీములుంటాయో కళ్ళతోనే కొలుస్తూ ఉంటాడు.

చివరికి నా ప్యాంట్ల పక్షాన నేను తిరగబడ్డాను. దుకాణంలో చక్కెర లేని షర్బత్ ఒకటి దొరికింది. అదే రంగు, అదే వాసన, అదే తీపి. మేస్త్రీ అల్మారా తాళం తీసి, అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నప్పుడు అందులోని సీసా ఖాళీ చేసి, దీన్ని నింపేశాను. ముప్పై ఏళ్ళ పాత్రికేయ వృత్తిలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

మూడు రోజుల తరవాత మళ్ళీ వెళ్ళాను. బడి డైరీల ఆర్డరు తలమీదికొచ్చింది. లిఫ్టు చెడిపోయింది. అన్న కింది నుంచి రీములు భుజాన మోసుకుని పై అంతస్తుకి తెచ్చుకుంటున్నాడు. పన్నెండున్నర భోజనం బెల్లు ఒకటిన్నరకి వాయిదా వేశామని ఓనరు కబురు పంపాడు. మేస్త్రీ పొద్దుటి నుంచీ అట్టల గదిలో ఇరుక్కుపోయి, పదకొండున్నర ఎక్కం మర్చిపోయాడు. నాకు తెలిసి అదే మొదటిసారి. పన్నెండున్నర దాటాక పరిగెత్తుకొచ్చాడు.

"తమ్ముడూ, పదహారార్లు ఎంత?"

అన్న కొలబద్దనే చూస్తున్నాడు. "పదహారు... పదహారు."

"పదహారు కాదురా. పదహారార్లు."

"నీకింకేం పనిలేదా? పొద్దస్తమానం నా ప్రాణం తీస్తావు!" అని అరిచాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది.

మేస్త్రీ స్విచ్చి ఆపాడు. భుజం పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, గీత దాకా పోసి తాగించాడు. నేను ప్రూఫుల చాటున ముసిముసిగా నవ్వుకున్నాను. నా షర్బత్ నడుస్తోంది, ఎవరికీ తెలియలేదు.

పావుగంట గడిచింది.

"తమ్ముడూ, ఆరు రెళ్ళు?"

"సైజు చెప్పు" అన్నాడు అన్న. మాట ముద్దగా వచ్చింది. చెయ్యి వణుకుతోంది. చూపు మేస్త్రీ మీద కాకుండా గోడ మీద ఎక్కడో ఉంది.

"ఇలా కాకూడదే!" మేస్త్రీ సీసా ఎత్తి చూశాడు. వేలు ముంచి నాకాడు. "తియ్యగానే ఉందే! గీత దాకానే పోశానే!"

ఆయన ముఖం చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఎక్కం తప్పినందుకు మనిషి అంత భయపడడు.

"మేస్త్రీ, అది... అందులో చక్కెర లేదు. నేనే మార్చాను."

పదకొండేళ్ళుగా మమ్మల్ని ప్రశ్నలతో చంపిన మనిషి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "అక్కా, టీ డబ్బా దగ్గర పంచదార! పరుగెత్తు!" అని కేకేశాడు. అక్క తెచ్చింది. నాలుగు చెంచాలు నీళ్ళలో కలిపి గ్లాసు నా చేతిలో పెట్టాడు. "నువ్వే పట్టించు. గుక్క గుక్కగా. ఒక్క చుక్క కింద పడ్డా ఊరుకోను."

నేను పట్టిస్తుంటే చెవి దగ్గర గొణిగాడు. "వాడికి షుగరు. సూది వేసుకుంటాడు. మందు పడి, తిండి ఆలస్యమై, పైగా బరువు మోస్తే ఇలాగే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. షుగరు చూసుకునే మీటరు తెచ్చుకోరా అంటే అందరూ చూస్తారంటాడు. ఓనరుకి తెలిస్తే మిషన్ దింపేసి గేటు దగ్గర కూర్చోబెడతాడని వాడి భయం. పడిపోతున్నట్టు వాడికి తెలీదు, లెక్క తప్పితే నాకు తెలుస్తుంది."

"మరి మమ్మల్నెందుకు అడిగావయ్యా ఇన్నేళ్ళూ?"

"వాణ్ణొక్కణ్ణే అడిగితే మీకు తెలిసిపోదూ?"

ఇంకేదో అనబోయాను. ఈలోగా ఓనరు గారు మెట్లెక్కి వచ్చేశాడు. "కటింగ్ ఎందుకు ఆగింది? డైరీలు ఎవరు కోస్తారు, నేనా?"

మేస్త్రీ గిరుక్కున తిరిగి, అన్నకి అడ్డంగా నిలబడ్డాడు. "సార్, పదహారు తొమ్మిదులు ఎంత?"

"ఇదా సమయం?"

"ఎంత సార్?"

"నూట... ముప్పై నాలుగు."

"తప్పు. స్టూలు."

పదకొండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా! ఆయన తిట్టుకుంటూనే కూర్చున్నాడు. మేస్త్రీ ఆయనకి నా చక్కెర లేని షర్బత్ గీత దాకా పోసి ఇచ్చాడు. ప్రెస్సు యజమాని, ప్రెస్సు కార్మికుడు పక్కపక్క స్టూళ్ళ మీద గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. మేమంతా గడియారం చూస్తున్నాం. సభల్లో సమానత్వం మీద ఎన్నో ఉపన్యాసాలు విని వార్తలు రాశాను గానీ, కళ్ళారా చూసింది ఆ పావుగంటే.

పదకొండు నిమిషాలు. పన్నెండు. ఓనరు రెండుసార్లు లేవబోతే మేస్త్రీ గడియారం వైపు వేలు చూపించాడు. పద్నాలుగో నిమిషంలో అన్న చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, చుట్టూ చూసి, పక్కనున్న ఓనరుని గుర్తుపట్టి చిన్నగా అన్నాడు.

"నూట నలభై నాలుగు సార్."

మేస్త్రీ కళ్ళద్దాల పెట్టె తెరిచి చీటీ చూసుకున్నాడు. "ఒప్పు" అన్నాడు. దగ్గాడు. రెండు బిస్కెట్లు తీసి ఇచ్చాడు.

బిస్కెట్లు తిన్నాక అన్నే అన్నాడు. "సార్, ఇక దాచను. నాకు షుగరు. పదకొండేళ్ళయింది. ఈవేళ మేస్త్రీ ఎక్కం అడక్కపోతే నా వేళ్ళు డైరీల్లో కలిసిపోయేవి."

"నాకు ముందే చెప్తే ఏం పోయింది?" అన్నాడు ఓనరు.

అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. అక్కణ్ణుంచి గేటు కనిపిస్తుంది. పెద్దాయన లారీని కళ్ళతో కొలుస్తున్నాడు. ఓనరు కూడా అటు చూశాడు. తరవాత లేచి, "భోజనం బెల్లు ఇక వాయిదా వెయ్యొద్దు. షుగరు చూసుకునే మీటరొకటి రేపట్నించి మిషన్ పక్కనే పెట్టు. చూసుకున్నాకే బ్లేడు కదలాలి" అని, నాలుగడుగులు వేసి ఆగాడు. "అందుకని పదకొండేళ్ళు నా చేత కూడా షర్బత్ తాగించారటయ్యా!" అంటూ పొట్ట చూసుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రీకి నేనే కొత్త సీసా కొనిచ్చాను. చక్కెరదే. లేబులు రెండుసార్లు చదివించాడు.

"మీటరు వస్తోంది, అందరికీ తెలిసింది. ఇక మమ్మల్ని వదిలేస్తావా?" అన్నాను.

"అదెలా కుదురుతుంది? వాణ్ణొక్కణ్ణే అడిగితే చిన్నబోడూ?"

"సరే, ఆ చీటీ ఒకసారి ఇటివ్వు."

తీసుకుని చూశాను. అంకెలన్నీ కొలబద్ద పెట్టి రాసినట్టు నిలువుగా, పొందికగా ఉన్నాయి. ఆ చేతివ్రాత మిషన్ పక్కన గోడ మీద సైజుల పట్టికలో రోజూ చూస్తున్నదే.

"ఇది అన్న రాసింది కదూ? పరీక్ష రాసేవాడి చేతే జవాబులు రాయించుకుంటారటయ్యా ఎక్కడైనా?"

"మరి నాకు రావుగా" అన్నాడు మేస్త్రీ, ఏ మాత్రం సిగ్గుపడకుండా. పెట్టె మూసేశాడు. "సరేగానీ, పదమూడేడులు ఎంత?"

"ఎనభై ఏడు" అన్నాను.

అన్న మిషన్ దగ్గర్నించి తలెత్తి నవ్వాడు. నేనే వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. కావాలనే తప్పు చెప్పానని మా ఆవిడతో అన్నాను. ఈసారీ నమ్మలేదు.