నా తరఫున సిస్టరక్క ఒప్పుకున్న గుండు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఢిల్లీ బేర్ సరాయ్‌లో మూడో అంతస్తులో ఇరుకు గది, గది నిండా సివిల్స్ పుస్తకాలు, తల నిండా ఒత్తైన జుట్టు. (జుట్టు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, ఈ గొడవంతా దాని మీదే నడిచింది.) పరీక్ష రెండుసార్లు తప్పాను గానీ, దేవుడు లేడని ఋజువు చేయడంలో ఒక్కసారి కూడా తప్పలేదు. కింద టీ కొట్టు దగ్గర ఎవరు ఏ దేవుడి పేరెత్తినా "ఋజువేదీ?" అంటూ అడ్డం పడేవాణ్ణి. మంగళవారం ఉపవాసం ఉన్న కుర్రాడి ఎదురుగా కావాలని కూర్చుని ఆమ్లెట్ తినేవాణ్ణి. వాదనలో ఎప్పుడూ నాదే గెలుపు. గెలిచిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర నాతో నిలబడేవాళ్ళు ఒకరు తగ్గుతూ వచ్చారు, అది మాత్రం నేను గమనించలేదు.

మా బిల్డింగులోనే కింది వాటాలో సిస్టరక్క ఉండేది. ఏలూరు వైపు మనిషి, ఒక పెద్దాసుపత్రిలో నర్సు. వాళ్ళాయన, అంటే మా బావ, అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాడు. (రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.) ఆదివారమైతే అక్క తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని, బావతో కలిసి తెలుగు చర్చికి వెళ్ళేది. ఒంటరిగా ఉన్నాననీ, మెస్ తిండి తిని చిక్కిపోతున్నాననీ అక్క నన్ను పిలిచి చేపల పులుసు పెట్టేది. తినబోయేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. నేను ఊరుకుంటానా? "అక్కా, ఈ పులుసు పెట్టింది నువ్వా, మీ దేవుడా? థాంక్స్ ఎవరికి చెప్పాలి?" అనేవాణ్ణి. "ముందు తిను తమ్ముడూ. గొంతులో ముల్లు గుచ్చుకుంటే అప్పుడు ఎవర్ని పిలుస్తావో చూద్దాం" అనేది. అంతకుమించి వాదించేది కాదు. వాదించని మనిషి మీద గెలవడం ఎలాగో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో నాకు డెంగ్యూ వచ్చింది. మొదటి రెండు రోజులు మామూలు జ్వరమేనని మాత్రలు మింగుతూ కూర్చున్నాను. మూడో రోజు మెట్ల మీద కూలబడితే అక్కా బావా చెరో వైపు పట్టుకుని ఆటో ఎక్కించి, తమ ఆసుపత్రిలోనే చేర్పించారు. ఆ తర్వాత సంగతులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఎవరో అనడం, సంతకం ఎవరు పెడతారని ఎవరో అడగడం, కాగితం మీద 'పేషెంట్‌కు ఏమవుతారు' అన్నచోట అక్క చకచకా 'అక్క' అని రాయడం. అమ్మా నాన్నా గుంటూరు నుంచి రైలెక్కి వచ్చేసరికి గండం గడిచింది. వాళ్ళు పదిరోజులుండి, నాకు రాగిజావ పట్టించి, అక్క చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్ళిపోయారు. అంతటితో ఆగిపోతే ఎంత బాగుండేది!

వాళ్ళు వెళ్ళిన మర్నాడు అక్క పైకొచ్చింది. కొంగు చివర మెలిపెడుతూ మంచం పట్టీ మీద కూర్చుంది. "తమ్ముడూ, ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు."

"చెప్పక్కా."

"నీకు గుండు ఒప్పుకున్నాను."

"ఎవరికి?"

"ఎవరికేవిటి? మీ వెంకన్నకి. నువ్వు బతికి బట్టకడితే కొండకొచ్చి తలనీలాలు ఇస్తావని చెప్పాను."

నేను ఒక్కసారిగా అరిచాను. "అక్కా, నేను నాస్తికుణ్ణి!"

"తెలుసు. అది నువ్వు బాగున్నప్పటి సంగతి."

"నువ్వేమో క్రిస్టియన్‌వి! మొక్కితే మీ ప్రభువుకి మొక్కాలి గానీ, మధ్యలో వెంకన్న ఎక్కణ్ణించి వచ్చాడు?"

"ఆయనకి చెప్పకుండా ఉంటానా? మొదట ఆయనకే చెప్పుకున్నాను. కానీ పక్కింటి పిల్లాడికి ప్రాణం మీదికొస్తే వాళ్ళింటివాళ్ళకి కబురు పెట్టమా? నీకు స్పృహ లేదు, నీ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. అటెండెంట్ లేని పేషెంట్‌కి పక్కవాళ్ళే సంతకం పెడతారు. ఆ కాగితం మీద పెట్టాను, ఇక్కడా పెట్టాను."

"ఏ ఇల్లు, ఏ ఇంటివాళ్ళు? నాకు ఏ దేవుడూ లేడు మొర్రో అంటుంటే!"

"నీ గోడ మీద ఉన్నాడుగా" అంది, చూపుడు వేలు పెట్టి.

"అది క్యాలెండర్ అక్కా! అమ్మ పంపించింది! పాలవాడు రాని రోజులు టిక్కు పెట్టుకోవడానికి ఉంచుకున్నాను!"

ఆవిడ క్యాలెండర్ వంకా నా వంకా చూసి, "మరి అందులో మీ ఆయన బొమ్మే కదా ఉంది" అంది. సరే, మొక్కితే మొక్కావు, ఒక కొబ్బరికాయ ఒప్పుకోకూడదా, గుండే ఎందుకు అని అడిగితే, "నాకేం తెలుసు మీ పద్ధతులు? మా వార్డులో తెలుగు పేషెంట్ల తాలూకు వాళ్ళందరూ గుండే మొక్కుకుంటారు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే బేరాలాడుతూ కూర్చుంటానా?" అంది. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం, మీరే చెప్పండి. నేను చెయ్యనుగాక చెయ్యనని తెగేసి చెప్పాను. మందులిచ్చిన డాక్టర్‌కైతే గుండు ఇస్తాను, ఆయనున్నాడని ఋజువుంది అని కూడా అన్నాను. అక్క లేచి, రాగిజావ గిన్నె తీసుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదు. పులుసు మాత్రం మానకుండా పంపించేది. నేను గెలిచాననే అనుకున్నాను. డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం బావ మేడెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, రెండు నిమిషాలు గొంతు సవరించుకుని, "మీ అక్క బల్ల తీసుకోవడం లేదయ్యా" అన్నాడు.

నెలకోసారి చర్చిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దాన్నే వాళ్ళు బల్ల అంటారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి అక్క దాన్ని ఒక్క నెల కూడా తప్పలేదట, ఒంటిమీద జ్వరంతో కూడా వెళ్ళిందట. అలాంటిది రెండు నెలలుగా అందరూ ముందుకెళుతుంటే తను బెంచీలోనే తలవంచుకుని కూర్చుంటోందట. మనసులో తేలని విషయం పెట్టుకుని బల్ల ముట్టకూడదని ఆవిడ పట్టుదల. "నిన్నేమీ అడగొద్దంది. నేను చెప్పినట్టు చెప్పొద్దు" అని బావ మెట్లు దిగిపోయాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అన్ని మాటలు మాట్లాడి ఉండడు.

నేను చరచరా కిందికి దిగాను. నిజం చెప్పాలంటే నాకు జాలి కన్నా ముందు ఒళ్ళు మండింది. "ఏవిటక్కా ఈ బెదిరింపు? మీ పాస్టరుగారేమన్నారు?" అని అడిగాను.

"ఆయనా కోప్పడ్డారు. అసలు అలా మొక్కడమే తప్పమ్మా, ప్రభువుని క్షమాపణ అడుగు, అంతటితో వదిలెయ్ అన్నారు."

"మరి అడగొచ్చుగా!"

"ఎప్పుడో అడిగాను. మా ఆయనతో నాకు చిన్నప్పటి నుంచీ మాటలున్నాయి తమ్ముడూ, కోప్పడ్డా క్షమిస్తాడు. మీ ఆయన నాకు బొత్తిగా పరిచయం లేదు. పరిచయం లేని మనిషిని అవసరానికి పిలిచి, పనయ్యాక ముఖం చాటేస్తే ఏం బాగుంటుంది? మాటిచ్చాను కదా." అంటూ ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ళు తుడుచుకుంది గానీ, అది ఉల్లిపాయల వల్ల కాదని నాకు తెలుస్తూనే ఉంది.

మధ్యేమార్గంగా మూడు కత్తెర్లు ఇస్తానన్నాను. అది ఆడవాళ్ళకట, తను ఒప్పుకుంది పూర్తి గుండట. (మా పద్ధతులు తెలియవన్న మనిషి ఈలోపల అన్నీ విచారించి పెట్టుకుంది!) పోనీ ఇక్కడే మంగలి షాపులో చేయించుకుంటానన్నాను. "రిపోర్టు ఒక ఆసుపత్రిది, సంతకం ఇంకో ఆసుపత్రిలోనా?" అంది. ఖర్మరా బాబూ అనుకుని, నా సిద్ధాంతాలన్నీ బేర్ సరాయ్ గదిలో పెట్టి తాళం వేసి, తిరుపతి రైలెక్కాను.

కళ్యాణకట్టలో కత్తి పట్టుకున్న పెద్దాయన నా తల తడుపుతూ, "ఏం మొక్కు నాయనా?" అని పలకరించాడు.

"నాది కాదండీ. మా అక్కది."

"అట్లాగా. ఆయమ్మ రాలేదా?"

"ఈరోజు ఆదివారం కదండీ, చర్చికెళ్ళి ఉంటుంది."

కత్తి నా నుదుటి దగ్గర ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకి ఒకసారి తొంగిచూశాడు. తర్వాత, "తల వంచు నాయనా" అని పని కానిచ్చాడు. జుట్టు ఒళ్ళో పడుతుంటే ఏడుపొచ్చినంత పనైంది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

దర్శనం క్యూలో గంటలకొద్దీ నిలబడి ఒకటే అనుకున్నాను, మనం వచ్చింది చూడ్డానికి, ఏదో మ్యూజియంలో చూసినట్టు చూసి వచ్చేద్దామని. తీరా ఎదురుగా వచ్చేసరికి రెప్పపాటు సమయం, వెనకనుంచి తోపులాట, పక్కనుంచి "జరగండి జరగండి" అని కేకలు. ఆ గందరగోళంలో నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది. "ఢిల్లీ నుంచి సిస్టరక్క పంపించిందండీ, ఆవిడ మాట తీరిపోయింది" అని గట్టిగా చెప్పేశాను. పక్కనున్నావిడ తిరిగి చూసింది. ఈలోపల నన్ను బయటికి నెట్టేశారు.

ఢిల్లీకి తిరిగొచ్చాక అసలు నరకం మొదలైంది. ఒకటి చలి. డిసెంబరులో ఢిల్లీ చలి ఏవిటో గుండున్నవాణ్ణి అడగండి చెబుతాడు. రెండోది జనం. మనవైపు గుండు కనిపిస్తే తిరుపతి వెళ్ళొచ్చారా అంటారు. ఇక్కడ కొడుకు గుండుతో కనిపించాడంటే తండ్రి పోయినట్టే లెక్క. టీ కొట్టు భయ్యా కళ్ళనీళ్ళు పెట్టుకుని బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టాడు. మంగళవారం ఉపవాసం కుర్రాడు, ఎవరి ముందైతే ఆమ్లెట్ తిన్నానో వాడే, వచ్చి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఇంటి ఓనరు అంకుల్‌జీ మెట్ల మీదే నన్ను గుండెకు హత్తుకుని, "హిమ్మత్ రఖో బేటా, అబ్ తుమ్ హీ ఘర్ కే బడే హో" అని, ఇక ఇంటికి పెద్దదిక్కు నేనేనని ధైర్యం చెప్పాడు. సరిగ్గా అప్పుడే మా నాన్న ఫోన్ చేసి, మఫ్లర్ కట్టుకున్నావా లేదా అని గుంటూరంతా వినపడేలా అడిగారు. ఆ గొంతు ఎవరిదో అంకుల్‌జీకి చెప్పాల్సి వచ్చింది. గుండు మొక్కువల్ల అన్నాను. మొక్కు ఎవరిదన్నాడు. కింది వాటా దీదీది అన్నాను. "వో తో క్రిశ్చన్ హై!" అన్నాడు. హాఁజీ అన్నాను. మొక్కు ఎవరికన్నాడు, చెప్పాను. పోనీ నువ్వయినా ఆయన్ని నమ్ముతావు కదా అన్నాడు. నహీఁ అంకుల్‌జీ అన్నాను. పాపం ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

అక్క తలుపు తీసి నా గుండు చూసి నవ్వలేదు. అరచేత్తో ఒకసారి తడిమి, "నేను పంపానని చెప్పావా?" అని అడిగింది.

"చెప్పాను."

"వెటకారంగా కాదు కదా?"

"కాదక్కా. మామూలుగానే చెప్పాను."

అమ్మయ్య అని కూర్చుంది. నేను గర్వంగా లడ్డూ తీసి చేతిలో పెట్టబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మేం ప్రసాదం తినం తమ్ముడూ." నాకు మళ్ళీ తిక్క రేగింది. ఆయనకి నా తల ఒప్పుకోవచ్చు గానీ ఆయన లడ్డూ తినకూడదా అని ఎగిరాను. "మాటివ్వడం వేరు, తినడం వేరు. నీకు తెలీదులే" అని, ఒక శుభ్రమైన స్టీలు డబ్బా కడిగి తుడిచి తెచ్చి, లడ్డూని రెండు చేతులతో అందులో పెట్టి, మూతపెట్టి నాకే ఇచ్చింది. పైన అంకుల్‌జీకి ఇచ్చిరా, సంతోషిస్తాడు అంది.

జనవరి మొదటి ఆదివారం నేనూ చర్చికి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. నా జుట్టు దేనికోసం పోయిందో చూద్దామని వెళ్ళాను. మంకీ క్యాప్ పెట్టుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. వరస కదిలింది. అక్క లేచి, కొంగు తలమీదుగా కప్పుకుని, ముందుకు నడిచింది. రొట్టె ముక్క తీసుకుంది, చిన్న గ్లాసు తీసుకుంది, తాగింది. తిరిగొస్తున్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. అంత తేలికపడ్డ ముఖం నేను మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు. నాకు చాలా సంతోషమేసింది, చప్పుడు చేస్తూ ముక్కు ఎగపీల్చుకున్నాను. నా ముందు బెంచీలో కూర్చున్న బావ వెనక్కి తిరక్కుండానే జేబురుమాలు నావైపు చాపాడు.

సివిల్స్ నన్ను వద్దంది. ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. దేవుడి విషయంలో నా అభిప్రాయం పెద్దగా మారలేదు, కాకపోతే ఎవరినీ ఋజువులు అడగడం లేదు. అక్కా బావా రిటైరై ఏలూరు వెళ్ళిపోయారు. మొన్న అక్కకి మోకాలి ఆపరేషన్ అన్నారు. ముందురోజు ఫోన్ చేసి ధైర్యం చెబుదామనుకుంటే ఆవిడే నాకు జాగ్రత్తలు చెప్పింది. "తమ్ముడూ, నువ్వు మాత్రం నా తరఫున ఎవరికీ ఏమీ ఒప్పుకోకు. నీకసలే దేవుళ్ళెవరూ పరిచయం లేరు, ఎవర్ని ఏం అడగాలో తెలీక పెద్దపెద్దవి ఒప్పేసుకుంటావు. ఈ మోకాళ్ళతో నేను ఎక్కడికీ ఎక్కలేను."

సరే అక్కా అన్నాను. అప్పటికే ఒప్పేసుకుని రెండు రోజులైందని చెప్పలేదు. బేర్ సరాయ్‌లో ఆమ్లెట్ ప్లేటు పట్టుకుని కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ళ నాస్తికుడు ఈ సంగతి వింటే నన్ను గదిలోకి కూడా రానిచ్చేవాడు కాదు, పాపం.