రేడియోకు లైసెన్సు పెడ్తరా ఏంది?

డిగ్రీ రెండో ఏట మా కాలేజీకి సర్కారు రేడియో స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. లైవ్ చర్చ. సర్కారు రేడియో, టీవీలు నడవడానికి ప్రతి ఇంటి నుంచీ తప్పనిసరిగా ఏటా రుసుము వసూలు చేయాలా, వద్దా? మా మేడం నన్ను ‘చేయాలి’ అనే వైపు, మా క్లాసు కుర్రాణ్ని ‘వద్దు’ అనే వైపు పెట్టింది.

ఏన్కూరు దాటి అడవి అంచున ఉన్న మా తండాలో అప్పటిదాకా రేడియోలో మాట్లాడినవాళ్లు లేరు. బస్సులో కూర్చున్నా నాకు కాళ్లు ఆగలేదు. బొగ్గుబాయిలో పనిచేసే నాన్న నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, బస్టాండులో నాకోసం నిలబడ్డాడు. “భయమైతుందా?” అన్నాడు. “లేదు, జల్దీ పోదాం పా” అన్నాను.

స్టూడియోలో ఎర్రలైటు వెలగగానే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మా తండాకు కేబుల్ రాదు. వాగులు పొంగుతాయని మాకు చెప్పేది రేడియోనే. ప్రకటనల మీద బతికే చానళ్లు మాకోసం రావు. అందరూ కడితేనే అది అందరిదీ అవుతుంది” అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

“విననివాళ్లు ఎందుకు కట్టాలి?” అన్నాడు ‘వద్దు’ వైపున్న మావాడు.

నేను నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. “హలో, ఎవరండీ?” అన్నారు చర్చ నడిపిస్తున్న అక్కయ్య.

“నేనే. ఆ పిల్ల నాయనమ్మను.”

మా తండా కిరాణా కొట్టు కాయిన్ బాక్సు ఫోను నుంచి చేసింది!

“అమ్మా, మీ పక్కన రేడియో సౌండు తగ్గించండి, గోల వస్తోంది.”

“తగ్గిస్తే నా మనవరాలి మాట ఎట్ల ఇనపడుతది?” అంది. “లైసెన్సు మళ్ల పెడ్తరా ఏంది? ఎన్కట రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుల పైసలు కట్టేది. మేం కట్టలే. తనిఖీకి ఒకాయన వస్తే మా ఆయన రేడియోను వడ్ల గుమ్మిల దాచిండు. బంద్ చేసుడు మర్చిపోయిండు. గుమ్మిలకెల్లి పాటలు!”

అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“మరి తనిఖీకొచ్చినాయన ఏమన్నడు నాయనమ్మా?” అన్నాను.

“ఏమంటడు? ఆయనా నవ్వబట్టిండు.”

నేను పట్టు వదల్లేదు. “ఎవరూ కట్టకపోతే రేడియో ఎట్ల నడుస్తది?”

“నడవాలె బిడ్డా. అది లేకపోతే నాకు పొద్దుపోదు. ఇప్పటికే పన్నులు తీసుకుంటున్నరు గద, అండ్లకెల్లి పెట్టాలె. ఇల్లిల్లు తిరిగి అడిగితే జనం దాస్తరు.”

మావాడు ఉత్సాహంగా బల్ల చరిచాడు.

“సర్కారు పైసలిస్తే, రేడియో సర్కారు మాటే చెప్తది కదా!” అన్నాను.

“ఇప్పుడు చెప్తలేదా ఏంది?”

అక్కయ్య గభాలున పాట పెట్టేశారు.

బయట బెంచీ మీద, స్పీకర్లో అంతా విన్న నాన్న కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. తిరుగు బస్సులో కండక్టరుకు, పక్క సీటువాళ్లకు, కొత్తగా ఎక్కినవాళ్లకు అందరికీ “రేడియోల మాట్లాడింది నా బిడ్డే” అని చెప్పాడు.

ఇంటికి చేరేసరికి వాకిట్లో జనం. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. “నా మాట పూర్తిగాలే, మధ్యల పాటేసిన్రు” అంటూ మళ్లీ మొదలుపెట్టింది. ఆవేశం పెరిగేకొద్దీ తెలుగు వదిలి మా లంబాడీలోకి పోయింది. నేనూ అదే భాషలో ఎదురు చెప్పాను. సగం మంది ఆమె వైపు, సగం మంది నా వైపు. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా అమ్మతో సహా ఎవరికీ పొయ్యి గుర్తులేదు.