డెమో క్లాసులో మూడో వాక్యం

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో నిన్న కొత్త బోర్డు తగిలించారు. నో స్మోకింగ్, నో స్పిట్టింగ్. అందరూ చదివి ఊరుకుంటారు. నేను మాత్రం మా అంతస్తు వచ్చేదాకా 'ఇదీ జెరండే, అదీ జెరండే' అని గొణుక్కుంటూ నిలబడ్డాను. ఈ జబ్బు నాకు అంటుకున్నది మావారి ఉద్యోగం పోయిన ఎండాకాలంలో.

హైటెక్ సిటీలో పెద్ద టీముకి మేనేజరుగా ఉన్న మనిషిని ఒక పొద్దున్న ఫోన్లోనే ఇక రావద్దన్నారు. అప్పట్నుంచి సోఫాలోనే ఉండేవారు. ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని తెర ఆరిపోయి. పలకరిస్తే 'ఊఁ'. మదీనాగూడలో ఈ ఫ్లాటు కోసం తీసుకున్న అప్పు వాయిదాలు మాత్రం ఆయనలా గమ్మునుండవు కదా! ఎప్పుడో చదివిన నా బీయే పట్టా దుమ్ము దులిపి స్కూళ్ళ చుట్టూ తిరిగాను. అంతా పొమ్మన్నారు. చివరికి ఒక్క స్కూలు డెమో క్లాసుకు రమ్మంది. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు గ్రామరు, పాఠం జెరండ్స్. ఇదీ పోతే ఫ్లాటు అమ్ముకోవడమే.

అసలీ ఇంగ్లీషువాళ్ళకు పుణ్యముంటుంది, మనలాగా కూర్చోవడం, కూర్చుంటూ, కూర్చున్న అని తలో మాట పెట్టుకోవచ్చుగా? ఊహూఁ. అన్నిటికీ ఒకటే 'ఇంగ్' తోక. అది క్రియో, విశేషణమో, పని పేరుగా నిలిచే జెరండో మనమే తేల్చుకుని చావాలి. వంటింట్లో కుక్కరుకు పాఠం చెబుతూ చెబుతూ నాకు ఏడుపొచ్చేసింది. అంట్లు తోముతున్న మా పనావిడ, పాలమూరు మనిషి, చేతులు కడుక్కుని వచ్చింది. "ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? జర నీళ్లు తాగు. మమ్ముల పోరగాండ్లు అనుకొని జెప్పు" అంటూ హాల్లోకి పోయి సోఫా పక్కన చతికిలబడింది.

నేనూ తెగించి మొదలుపెట్టాను. కళ్ళెదుట ఉన్నదే ఉదాహరణగా దొరికింది. "హి ఈజ్ సిట్టింగ్. ఆయన కూర్చుని ఉన్నారు, ఇది క్రియ. ద సిట్టింగ్ మ్యాన్. కూర్చున్న మనిషి, ఇది విశేషణం." మూడోది, జెరండు, ఎంతకీ తోచదు. అప్పుడు సోఫాలోంచి బొంగురు గొంతు వినిపించింది. "సిట్టింగ్ ఈజ్ కిల్లింగ్ మి."

ఈ కూర్చోవడం నన్ను చంపేస్తోంది. వారాల తరబడి నేనెంత బతిమాలినా ఆయన నోట రాని మాట.

"సారేమన్నడమ్మా?" అంది పనావిడ.

"కరెక్టుగా చెప్పారు" అన్నాను. ఇంకేమనను? వంటింట్లోకి పోయి కుళాయి తిప్పేసి ఏడ్చాను.

డెమో రోజు ఆయనే స్కూటరు తీశారు. గేటు దగ్గర నన్ను దింపి, హెల్మెట్టైనా తియ్యకుండా ఎండలో నిలబడ్డారు. ప్రిన్సిపాల్ మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చోగానే నా బుర్రలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వుతున్నారు. గుర్తొస్తున్నది ఒకే ఒక్క వాక్యం, ఆ సోఫా వాక్యం. ఆయన గుండెలోంచి వచ్చినదాన్ని బోర్డు మీద పెడతానా? చచ్చినా పెట్టను. అయిపోయింది, ఇల్లు పోయినట్టే అనుకుంటూ కిటికీ వైపు తిరిగాను. మావారు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు, నేను ఏ గదిలో ఉన్నానా అని మెడ సాచి వెతుక్కుంటూ.

'మై హస్బెండ్ ఈజ్ వెయిటింగ్' అని రాశాను. పిల్లలంతా కిటికీకి ఎగబడ్డారు.

"మిస్, ఆ హెల్మెట్ అంకులా?"

"ఆయనే. ద వెయిటింగ్ మ్యాన్" అని రెండోది రాశాను. మూడోది నేను అడగకముందే ముందు బెంచీ పిల్ల లేచింది. "వెయిటింగ్ ఈజ్ హార్డ్, మిస్!"

ఎదురుచూడడం కష్టం. నాకు తెలీదూ, తల్లీ!

ఉద్యోగం ఇచ్చారు. బయటికొచ్చి తలూపితే మావారు హెల్మెట్ అద్దం కిందికి దించేసుకున్నారు. ఆయనకు మళ్ళీ ఉద్యోగం దొరకడానికి చాలా కాలమే పట్టింది. అన్నాళ్ళూ సాయంత్రం స్కూలు బెల్లు కొట్టేసరికి ఆ గేటు దగ్గరే ఉండేవారు. ఊరికే కూర్చున్న మనిషికి పొద్దే గుంకదు. ఎదురుచూసే మనిషికి కనీసం సాయంత్రమనేది ఒకటుంటుంది.